ఎవరూ కొలవని మెడ

మెడకు తొడిగే వస్తువును కుట్టబోయే ముందు ఆ మెడను ఒకసారి కొలవడానికి మనుషులకు అడ్డమేమిటి?

ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు. నేను పుట్టిన ఇంట్లో టేపు లేక కాదు. కుట్టుమిషను సొరుగులో, కత్తెర పక్కనే, చుట్ట చుట్టుకుని పడి ఉంది. చెయ్యి చాపితే అందేది. ఎవరూ చాపలేదు.

నేను ఒక కాలరును. చొక్కాతో పుట్టి చొక్కాతో చిరిగిపోయే జాతి కాదు నాది, విడి కాలరును. నల్లకోటు వేసుకున్న వకీళ్లు మెడకు వేరుగా తగిలించుకుని, దాని ముందు రెండు తెల్ల పట్టీలు వేలాడేటట్టు చూసుకుంటారు కదా, ఆ వస్తువును. నేను లేనిదే వారు న్యాయస్థానంలో నోరు విప్పరాదు. గొంతులోంచి వచ్చే మాటకు గొంతు బయట ఒక గుడ్డముక్క పూచీ పడాలన్నమాట. ఈ ఏర్పాటు ఏ మహానుభావుడికి తోచిందో నాకు తెలియదు. నా బతుకుతెరువే అది కాబట్టి దాన్ని గురించి ఇంతకంటే ఎక్కువ అనను.

నన్ను కుట్టినావిడ పేరు సుభాషిణి. కాలేజీలో వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆకు పొడవు, వెడల్పు కొలవకుండా దాన్ని గురించి ఒక్క వాక్యం రాసినా సరే, ఆ విద్యార్థి కాగితాన్ని మడిచి వెనక్కి ఇచ్చేవారట. గంజిలో నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి పోస్తారు. పప్పులో ఉప్పు చేతి అందాజున వేసేవాళ్లంటే ఆవిడకు సదభిప్రాయం లేదు. ఇంతటి కొలతల మనిషి నా విషయంలో ఏమి చేశారో వినండి.

ఆవిడ భర్త సదాశివరావు గారు ఊళ్లో పేరున్న వకీలు. ఆయన బతికి ఉన్నంతకాలం ఆయన కాలర్లన్నీ ఇంట్లో ఆవిడ చేతిమీదుగానే తయారయ్యాయి. ఆయన పోయిన తరువాత కూతురు ప్రసూన న్యాయశాస్త్రం చదువు ముగించి, తండ్రి స్నేహితుడైన రామబ్రహ్మం గారి దగ్గర జూనియర్‌గా చేరడానికి సిద్ధమైంది. బజారులో కాలరు కొనుక్కుంటానని ప్రసూన అన్నప్పుడు ఆవిడ ముఖం ఒక్కసారిగా చిన్నబోయింది. మీ నాన్నగారు ఏనాడూ బజారు కాలరు పెట్టుకోలేదు, నువ్వూ పెట్టుకోనక్కరలేదు అన్నారు. అనేసి, లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచి, కలరా ఉండల వాసన వేసే ఆయన కాలరు ఒకటి పట్టుకొచ్చారు. బల్లమీద కాగితం పరిచి, దానిమీద ఆ కాలరు పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీశారు.

అంతే. నా జాతకం ఆ గీతతో ఖరారైంది. గీస్తున్నంతసేపూ ప్రసూన ఎదురు కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె మెడ ఆమె భుజాలమీదే ఉంది. ఎక్కడికీ పోలేదు.

నా పై గుడ్డ సదాశివరావు గారి చివరి తెల్లచొక్కా వీపు భాగం. జేబు వైపు ఇంకు మరక పడింది కనుక వీపు నుంచి కత్తిరించారు. లోపల, నిటారుగా నిలబడడానికి, రెండు పొరల బక్రం అనే గట్టి గుడ్డ. కుట్టిన తరువాత ముడుచుకుపోకుండా బక్రాన్ని ముందే తడిపి, నీడన ఆరబెట్టి మరీ వాడారు. మంచివైపులు లోపలికి పెట్టి కుట్టి, మూలల్లో ఎక్కువైన గుడ్డ కత్తిరించి, నన్ను తిరగేసి, అల్లిక సూది మొనతో మూలలు పొడుచుకొచ్చేలా చేశారు. కాజాలు చేత్తో కుట్టారు. నా కుట్టులో వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. నేను చక్కటి కాలరును. కాకపోతే, లేని మనిషి కాలరును.

మొదటిసారి నన్ను ప్రసూన మెడకు పెట్టినప్పుడు ఆ మెడకూ నాకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరేంత సందు ఉంది. పైగా సదాశివరావు గారి కాలరును చొక్కా పట్టీకి ముందొక గుండీ, వెనకొక గుండీ పట్టి ఉంచేవి. చీరమీద జాకెట్టుకు అటువంటి పట్టీ ఉండదు. అంటే నేను దేన్నీ పట్టుకోకుండా, గాజు చేతిలో తిరిగినట్టు, ఆమె మెడ చుట్టూ తిరగవలసిందే. వదులుగా ఉందని చెప్పడానికి ప్రసూన నోరు తెరిచింది. అప్పటికే సుభాషిణి గారు రెండడుగులు వెనక్కి వేసి, కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు.

“అచ్చం మీ నాన్నగారే,” అన్నారు.

ఆ మాట తరువాత వదులుగా ఉందని ఏ కూతురు చెప్పగలదు? ప్రసూన తెరిచిన నోరు మూసుకుంది. నాకు నోరు లేదు.

ఇక అక్కడినుంచి మొదలయ్యాయి మరమ్మతులు. కోర్టులో మధ్యాహ్నానికల్లా నా పట్టీలు రెండూ ఎడమ చెవి కిందికి చేరేవి. అది చూసి రామబ్రహ్మం గారు, పిన్నీసు పెట్టుకోమ్మా, మా కోడలు అలాగే పెట్టుకుంటుంది అన్నారు. పిన్నీసు గుచ్చారు. ఆఫీసు గుమాస్తా గంజి చాలలేదని తేల్చాడు. గంజి చిక్కగా పెట్టారు. నేను అట్టముక్కలా బిగుసుకుని ఆమె గొంతుకింద ఎర్రటి గీత గీశాను. సుభాషిణి గారు వెనకవైపు టిచ్ బటన్ కుట్టారు, అది చాలక జాకెట్టుకు హుక్కు కుట్టారు, హుక్కు జాకెట్టును పైకి లాగుతోందని దాన్ని విప్పేశారు. ప్రతివారి దగ్గరా ఒక ఉపాయం ఉంది. అందరి ఉపాయాలూ నామీదే. చివరికి ఇంటా బయటా స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ కాలరు సరిగా నిలవదు. నిలవనిది నేనా? పదహారున్నర అంగుళాల మెడకు గీసిన గీత పదమూడు అంగుళాల మెడమీద ఎలా నిలుస్తుంది? ఇది వృక్షశాస్త్రం కూడా కాదు. మూడో తరగతి లెక్క.

అయినా కొన్నాళ్లు గడిచిపోయింది. ఎందుకంటే ప్రసూనకు అప్పగించిన పని వాయిదాలు అడగడం. లేచి నిలబడి, మా సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారండీ అని కూర్చోవడానికి కాలరు ఎటు తిరిగి ఉన్నా పెద్ద నష్టం లేదు. ఒకప్పుడు స్నేహితులిద్దరూ కలిసి నడిపిన ఆ ఆఫీసులో ఆమెకు తండ్రి కూర్చున్న కుర్చీ ఇచ్చారు. అందులో కూర్చుంటే ఆమె పాదాలు నేలకు ఆనవు. దాన్ని గౌరవం అన్నారు.

అటువంటి రోజుల్లో మస్తానమ్మ వచ్చింది. బస్టాండు వెనక అద్దె గదిలో భోజనం హోటలు నడుపుకునే మనిషి. మధ్యాహ్నం అక్కడ అన్నం తినేవాళ్లంతా రిక్షావాళ్లు, కూలికి వచ్చేవాళ్లు. గది యజమాని ఎక్కువ అద్దె ఇచ్చే సెల్‌ఫోన్ల దుకాణం దొరికిందని, ఖాళీ చెయ్యకపోతే సామాను బయట పడేసి తాళం వేస్తానని కబురు పంపాడు. అంత చిన్న కేసు సదాశివం ముట్టుకునేవాడు కాదని రామబ్రహ్మం గారు నవ్వి ఊరుకున్నారు. ప్రసూన నవ్వలేదు. నేను చేస్తానండీ, నేనే వాదిస్తాను అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు నాకు తగిలింది. వాయిదా అడిగే గొంతు కాదు అది.

యజమాని చెప్పిన గడువు రోజు రానే వచ్చింది. ఆపమని అత్యవసరంగా ఉత్తర్వు కోరుతూ పొద్దున్నే ప్రసూన లేచి నిలబడింది. మొదటి రెండు మాటలూ స్పష్టంగా వచ్చాయి. మూడో మాటకు అద్దె రశీదు చూపించడానికి ఎడమకు తిరిగింది. ఆమె తిరిగింది, నేను తిరగలేదు. ఆమె మెడ నా లోపల తిరిగింది. పిన్నీసు ఊడి మెడలో గుచ్చుకుంది. చెయ్యి అటు పోయింది, చేతిలో కాగితాలు ఇటు జారాయి, పట్టీలు భుజంమీదికి ఎక్కాయి. న్యాయమూర్తి చెడ్డ మనిషి కాదు. కళ్లజోడు మీదుగా చూసి, ముందు అది సరిచేసుకోండమ్మా, మధ్యాహ్నం విందాం అన్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తరువాతి కేసు పిలిచారు.

గమనించండి. ఆమె వాదన తప్పని ఎవరూ అనలేదు. ఆమె వాదన విననే లేదు.

ఇల్లు దగ్గరే కనుక భోజనం విరామంలో ప్రసూన ఇంటికి వచ్చింది. నన్ను లాగి బల్లమీద పడేసింది. అంతలో ఫోను మోగింది. మస్తానమ్మ గొంతు బల్లమీదికి కూడా వినిపించింది. కోర్టులో ఏమీ కాలేదని యజమానికి అప్పుడే తెలిసిపోయింది, పొయ్యిమీది గిన్నెలు దించి రోడ్డుమీద పెట్టించాడు, తాళం తెచ్చాడు.

“నేను గడప మీద కూర్చోనున్నానమ్మా. లెగమంటున్నారు. లెగమంటావా?”

“లేవకు. సాయంత్రం దాకా లేవకు,” అంది ప్రసూన.

ఫోను పెట్టేసరికి సుభాషిణి గారు డబ్బా తెరిచి పిన్నీసులు వెతుకుతున్నారు. చిన్నది పెట్టడం వల్ల ఊడింది, పెద్దదైతే పట్టుకుంటుందని అంటున్నారు. ప్రసూన డబ్బా మూత మూసింది.

“పిన్నీసు వద్దమ్మా. టేపు తియ్యి. నా మెడ కొలువు.”

“నీ మెడ నాకు తెలియదుటే? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను.”

“చూశావు. కొలవలేదు.”

సుభాషిణి గారు సొరుగు తెరిచారు. కూతురి వెనక నిలబడి టేపు మెడ చుట్టూ తిప్పి, అంకె చూశారు. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూశారు. తరువాత నన్ను తీసి, గుండీ నుంచి కాజా దాకా టేపు పరిచారు. అంత తేడా ఒక విద్యార్థి కాగితంలో కనిపించి ఉంటే ఆ కాగితం గతి ఏమయ్యేదో నాకు తెలుసు. ఆవిడ ముఖం చూస్తే ఆవిడకూ తెలిసిందని నాకు అర్థమైంది.

“కోస్తే ఇంక ఇది ఆయనది కాదు,” అన్నారు నెమ్మదిగా.

“ఇప్పుడు కూడా కాదమ్మా,” అంది ప్రసూన.

కత్తెర నా నడివీపున పడింది. నొప్పి గురించి చెప్పి మీ సానుభూతి కొట్టెయ్యాలని నాకు లేదు. బక్రం తెగేటప్పుడు కరకరమంటుంది, అంతే. కుట్టుకు అర అంగుళం వదలగా మూడు అంగుళాల ముక్క నాలోంచి వేరై బల్లమీద పడింది. రెండు కొసలూ కలిపి మిషను కింద పెట్టారు. జాకెట్టు లోపలికి దోపి నడుముకు కట్టుకునేలా రెండు నాడాలు కుట్టారు, ఇక నేను పైకి లేవకుండా. గంజి పెట్టే వ్యవధి లేదు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశారు. వెనక అతుకు ఎత్తుగా, వికారంగా కనిపిస్తోంది. అంత అందవికారంగా నేను ఎన్నడూ లేను. అంత సరిగ్గానూ ఎన్నడూ లేను.

మధ్యాహ్నం ప్రసూన ఎడమకు తిరిగింది, నేనూ తిరిగాను. కుడికి తిరిగింది, నేనూ తిరిగాను. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా మెడ దగ్గరికి రాలేదు. రశీదులు ఏ నెలా తప్పలేదని చూపించింది, నోటీసు ఇవ్వకుండా వండిన అన్నం వీధిలో పెట్టించే అధికారం యజమానికి ఎక్కడిదని అడిగింది. న్యాయమూర్తి వేసిన ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పింది. వచ్చే వాయిదా దాకా ఆ గదికి తాళం వెయ్యరాదని, మస్తానమ్మ జోలికి పోరాదని ఉత్తర్వు వచ్చింది.

బయట వరండాలో రామబ్రహ్మం గారు ఎదురుపడ్డారు. చివరి భాగం తలుపు దగ్గర నిలబడి విన్నారట. శభాష్ అన్నారు. వాదన గురించి ఏమంటారోనని ప్రసూన ఆగింది. నేనూ ఎదురు చూశాను.

“ఇవాళ కాలరు చక్కగా కుదిరిందమ్మాయ్. అచ్చం సదాశివాన్ని చూసినట్టే ఉంది,” అన్నారు.

ఏమి చెయ్యగలం చెప్పండి ఇటువంటి వారిని?

ఆ సాయంత్రం ప్రసూన బస్టాండు వెనక్కి వెళ్లింది. మస్తానమ్మ గడప మీంచి అప్పుడే లేచినట్టుంది, మోకాళ్లు పట్టుకుని నడుస్తోంది. ఉత్తర్వు కాగితం రెండు చేతులా అందుకుంది. ఖాళీ గిన్నెలు చూపించింది.

“బువ్వంతా కుక్కలు తిన్నాయమ్మా. మధ్యాన్నం మాట్లాడింది పొద్దున్నే మాట్లాడుంటే మడుసులు తినేవాళ్లు.”

తిట్టలేదు. మామూలుగా చెప్పింది. ప్రసూన ఇంటికి వచ్చి తల్లికి ఆ మాట ఒక్క అక్షరం మార్చకుండా అప్పజెప్పింది. సుభాషిణి గారు కోసిన ముక్కను ట్రంకు పెట్టెలో భర్త కాలరు పక్కన పెట్టి వచ్చారు. పెన్సిలు గీతల కాగితాన్ని మాత్రం పొయ్యిలో పెట్టారు.

ఇప్పుడు ప్రసూనకు వేరే కాలర్లు ఉన్నాయి, అన్నీ ఆమె మెడకు కుట్టినవే. కుర్చీ కూడా మార్పించుకుంది. నేను మిషను సొరుగులో, టేపు పక్కన ఉంటాను. ఆడ జూనియర్లు కొందరు సుభాషిణి గారి పేరు విని కాలర్లు కుట్టించుకోవడానికి వస్తూ ఉంటారు.

మొన్న ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కాగితం పొట్లం విప్పి అందులోంచి ఒక కాలరు తీసింది. ఇది మా అబ్బాయిదండీ, వాడూ ప్లీడరే, దీని కొలతకే కుట్టెయ్యండి అంది. కూతురు పక్కనే నిలబడి గోడమీద క్యాలెండరు చూస్తోంది. సుభాషిణి గారు ఆ కాలరు అందుకోలేదు. సొరుగు లాగి, నన్ను పక్కకు జరిపి, టేపు తీసుకున్నారు. దీనికి అంత శ్రమ ఎందుకండీ అని ఆవిడ అంటూనే ఉంది.

మీరూ ఇంట్లో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కుడుతూనే ఉంటారు. మీ చేతిలోనూ ఎవరిదో పాత కాలరు ఉండే ఉంటుంది. దాన్ని కింద పెట్టండి. లేవండి. సొరుగులోంచి టేపు తియ్యండి. ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, ముందు ఆమె మెడ కొలవండి.