వెనక వరస శవాలు

కోమలకు ఆ ఆదివారం పొద్దున చాయ్ కూడా గొంతు దిగలేదు. పదిన్నరకు జడ్చర్ల ఫంక్షన్ హాల్లో మీటింగు. సినిమాల్లో గుంపుల్లో కనిపించే జూనియర్ ఆర్టిస్టుల యూనియన్‌కు ఎలక్షన్లు వచ్చాయి. అధ్యక్ష పదవికి నిలబడ్డ ఇద్దరూ హైదరాబాద్ నుంచి వచ్చి పాలమూరు వాళ్లను ఓట్లడుగుతారట. నలుగురిలో లేచి వాళ్లను ఒక ప్రశ్న అడగాలి, అడిగేది కోమల. ఆమే ఎందుకంటే, పిల్లి మెడలో గంట కట్టే పని ఎప్పుడూ కాదనలేని మనిషి మీదే పడుతుంది. వారం కింద బిక్షమ్మ ఇంట్లో కూడిన ఆడవాళ్లంతా "నువ్వైతె మంచిగ మాట్లాడ్తవు కోమలా" అన్నారు. ఆమె ఏనాడూ నలుగురిలో నోరు విప్పింది లేదు. ఆ సంగతి అన్నవాళ్లందరికీ తెలుసు.

ప్రశ్న చిన్నదే. కెమెరా నడుస్తుండగా మాలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, షాట్ ఆపేదెవరు?

దాని వెనక సాలమ్మ ఉంది. పోయిన ఎండాకాలం ఏదో రాజుల సినిమాకు గుట్టల నడుమ యుద్ధం తీశారు. యుద్ధమంటే ముందు వరసలో మగవాళ్లు కత్తులు తిప్పుతారు, వెనక వరసలో శవాలు పడి ఉంటాయి. వెనక వరస శవాలకు ఆడామగా తేడా లేదు. అందరికీ రెగ్జిన్ కవచాలు తొడిగి, మొహం కప్పేట్టు ఫైబర్ టోపీలు దించి, కాలుతున్న బండల మీద పడుకోబెడతారు. కదలకూడదు. కదిలితే షాట్ పాడవుతుంది, షాట్ పాడుచేసిన మనిషికి మళ్లీ పిలుపు రాదు. దున్నపోతుకైనా ఎండలో నీళ్లు చల్లుతారు గానీ శవానికి ఎవరు చల్లుతారు?

సాలమ్మ కోమల పక్కనే పడుకుంది. షాట్ మీద షాట్ తీస్తున్నారు. ఉన్నట్టుండి టోపీ కింద సాలమ్మ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. గురకలాగే ఉంది గానీ నిద్రపోయే మనిషిది కాదు. కోమల విన్నది. లేద్దామనుకుంది. ఇంకొంచెం, కట్ అనేదాకా చూద్దాం అనుకుని అట్లాగే పడుకుంది. ఆ ఇంకొంచెం అయ్యాక కట్ అన్నారు, అందరూ లేచారు. సాలమ్మ లేవలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ ఒకడు "యాక్టింగ్ అంటే ఇదీ, ఈమెను చూసి నేర్చుకోండి" అని చప్పట్లు కొట్టాడు.

దవాఖానకు తీసుకుపోతుంటే దారిలో గుండె ఆగిందని, షూటింగులో ఏమీ కాలేదని ఏజెంట్ పరశురాం ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది. ఆ చప్పుడు సంగతి మాత్రం కోమలకు తప్ప ఎవరికీ తెలియదు. సాలమ్మ మొగుడు కృష్ణయ్యకు కూడా ఆమె చెప్పలేదు. ఏడాది నుంచి ఆయన ఎదురొస్తే సందు మారి పోతోంది.

ఈ పరశురాం చెడ్డవాడని ఎవరూ అనరు. పెళ్లిళ్లకు వస్తాడు, చావులకూ వస్తాడు. షూటింగులకు వ్యాన్ ఎక్కించేది ఆయనే, ఎవరిని పిలవాలో ఎవరిని మరిచిపోవాలో తేల్చేదీ ఆయనే. ఒకసారి మరిచిపోయాడంటే మాత్రం ఇక ఆ మనిషి ఆయనకు గుర్తుకు రాదు.

ఇదంతా ఒక ఎత్తు. అసలు భయం వేరే ఉంది. అదే సినిమాలో మిగిలిన యుద్ధం రేపు తీస్తున్నారు. అవే గుట్టలు, అవే కవచాలు, నిరుటి కన్నా ఎక్కువగా మండే ఎండ. డిగ్రీ పరీక్షలు అయిపోయి ఇంట్లో ఉన్న కూతురు వర్షిత తల్లికి చెప్పకుండా పరశురాంకు పేరిచ్చేసింది. శవం వేషానికి! కోమల వద్దంది, తిట్టింది, ఏడ్చింది. "మరి నువ్వు పోతలేవానె అమ్మా?" అంది పిల్ల. కోమల లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

హాల్లో ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూలు ఇంకా తియ్యలేదు. కొత్త జంటను కూచోబెట్టే ఎర్ర సోఫాలోనే అభ్యర్థులిద్దరూ పక్కపక్కన కూచున్నారు, పీటల మీది నుంచి పారిపోలేని వాళ్లలాగా. దివాకర్ ఇప్పటికే యూనియన్ కార్యదర్శి, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. రాంచందర్ ఒకప్పుడు సెట్లో గుంపులను అదిలించిన మనిషి, పెద్ద గొంతు. వర్షిత స్నేహితురాళ్లతో ముందు వరసలో కూచుంది. తలుపు దగ్గర పరశురాం చేతులు కట్టుకుని నిలబడి వచ్చిన ప్రతివాళ్లనూ చూసి నవ్వుతున్నాడు. కోమలను చూసి కూడా నవ్వాడు. ఆమె తల దించుకుని పోయి బిక్షమ్మ పక్కన కూచుంది.

ఇద్దరూ మాట్లాడారు. ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకున్నారు. చివరికి దివాకర్ "ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే అడగొచ్చు" అన్నాడు. బిక్షమ్మ మోచేత్తో పొడిచింది.

"లే."

"జర ఆగక్కా."

"ఆగితె మీటింగే అయిపోతది. లే తల్లీ, మేమంత లేమా నీ ఎనక?"

కోమల లేచింది. వెనక ఉన్నామన్న వాళ్లు కుర్చీల్లో ఇంకాస్త కిందికి జారారు. ఎవరో మైకు తెచ్చి చేతిలో పెట్టారు. ముందు వరసల్లో పది ఫోన్లు పైకి లేచి వీడియో తీయడం మొదలుపెట్టాయి. హాలంతా గుసగుసలు. వాటిని అణచడానికి రాంచందర్ పాత అలవాటు కొద్దీ సోఫాలోంచే గట్టిగా అరిచాడు.

"సైలెన్స్!"

సెట్లో ఆ మాట వినబడితే గుంపులో వాళ్లు చేసేది ఒకటే. పెదాలు కదపాలి, చేతులు ఊపాలి, సంతలో బేరమాడుతున్నట్టో పెళ్లిలో ముచ్చట పెడుతున్నట్టో కనిపించాలి. గొంతు మాత్రం పెగలకూడదు. మాట్లాడాల్సింది హీరోలు. ఏళ్ల తరబడి చేసిన పని ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. పైగా ఎదురుగా కెమెరాలు, లోపల భయం. కోమల మాట్లాడింది. ఎండ సంగతి చెప్పింది, కవచాల సంగతి చెప్పింది, సాలమ్మ పేరు చెప్పింది, షాట్ ఆపేదెవరని అడిగింది. చెయ్యి కూడా ఊపింది. ఒక్క అక్షరం బయటికి రాలేదు. రాలేదని ఆమెకు తెలియనే లేదు. హమ్మయ్య, అడిగేశాను అనుకుని నిలబడింది.

"మైకు పనిచేయట్లేదా?" అన్నాడు దివాకర్.

అప్పుడు మొదలైంది నవ్వు. నవ్వింది బయటివాళ్లెవరో కాదు, అందరూ ఆర్టిస్టులే. ఆ జాగాలో తాము నిలబడ్డా అదే జరిగేదని తెలిసిన వాళ్లే. అందుకే మరీ ఎక్కువ నవ్వారు. కోమలకు సంగతి అర్థమై మొహం మంటెత్తింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారీ పెదాలే కదిలాయి. దివాకర్ జాలిగా "పర్వాలేదమ్మా, కూర్చోండి" అన్నాడు.

ఈలోగా పరశురాం తలుపు దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చాడు. మైకు మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకోబోతూ చెవి దగ్గరికి వంగాడు. గొంతులో కోపం లేదు. ఇంటిమనిషిలాగే అన్నాడు.

"నీకు పానం బాగ లేనట్టుంది కోమలా. రేపు నువ్వు ఇంటికాడ్నే ఉండు. వర్షితను నేను తీస్కపోత. పిల్ల నా జిమ్మేదారి."

భయం ఒక మోతాదులో ఉంటే మనిషి నోరు మూయిస్తుంది. మోతాదు దాటితే ఆ నోరే తెరుచుకుంటుంది. టోపీ కింద వర్షిత మొహం, ఆ బండ, పక్కన ఎవరూ లేకపోవడం అన్నీ ఒక్కసారి కళ్లముందు నిలిచాయి. కోమల మైకు వదల్లేదు.

"నా బిడ్డ పక్కన నేను లేకుంటె ఎట్ల!"

ఆ కేకకు హాలు అదిరింది. అందరికన్నా ముందు కోమలే ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఆగలేదు, ఆగితే మళ్లీ మాట రాదని తెలుసు. "సారూ, నిరుడు మా సాలమ్మక్క షాట్ల పండుకొని లెవ్వలే. సచ్చిందని గూడ ఎవ్వలకు ఎరుక లేకుండె, మంచిగ చేసిందని సప్పట్లు గొట్టిండ్రు. రేపు మళ్ల గదే యుద్ధం, గదే ఎండ. మాలో ఎవలకన్న గట్లైతే షాట్ ఎవరాపుతరు? గది చెప్పుండ్రి."

దివాకర్ గొంతు సవరించుకున్నాడు. "చాలా మంచి ప్రశ్న. మేం గెలవగానే ప్రతి సెట్లో నీడకు టెంట్లు, చల్లని నీళ్లు, అంబులెన్స్ పెట్టిస్తాం."

"ఇన్నేండ్లు కార్యదర్శి మీరే గదా, మరెందుకు పెట్టలే?" అన్నాడు రాంచందర్. "మేం గెలిస్తె అంబులెన్స్ గాదు, డాక్టరే ఉంటడు సెట్ల."

చప్పట్లు మోగాయి. కోమల కూచోలేదు.

"రేపు?"

"ఏంటమ్మా?"

"ఓట్లు వచ్చే నెల గదా సారూ. యుద్ధం రేపుంది. రేపు ఎవరాపుతరు?"

దివాకర్ రాంచందర్ వైపు చూశాడు. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లు ఇప్పుడు అన్నదమ్ముల్లాగా చూసుకున్నారు. రేపటి సంగతి ప్రొడక్షన్ వాళ్ల చేతిలో ఉంటుందని ఒకరన్నారు, మాట్లాడి చూస్తామని ఒకరన్నారు. ఏరు దాటాక బోడి మల్లయ్య అనడం లోకం తీరు. వీళ్లు దాటకముందే అనేశారు.

పరశురాం మధ్యలోకి వచ్చాడు. "అయిపాయె గదా, సార్లకు టైం అయితాంది. ఇగ రేపటికి ఎవరెవరొస్తరో చెయ్యెత్తుండ్రి, మళ్ల ఫోన్లు జేసుడు నాతోని గాదు."

మామూలుగా అయితే ఆ మాట పూర్తికాకముందే చేతులు లేస్తాయి. ఇవాళ ఒక్కటీ లేవలేదు. పరశురాం మొహంలో నవ్వు మొదటిసారి పలచబడింది. శవాలను తెస్తానని ఆయన మాటిచ్చి ఉన్నాడు, శవాలు లేకుండా యుద్ధం సాగదు.

అప్పుడు ముందు వరసలో ఒక చెయ్యి లేచింది. వర్షితది.

"నేనొస్త," అంది వర్షిత లేచి నిలబడి. "కాని మా అమ్మ నా పక్కన పండుకుంటది. మాలో ఎవలకన్న బాగలేదని అనిపిస్తె మా అమ్మ లేస్తది. అమ్మ లేస్తె మేమందరం లేస్తం. షాట్ మేమే ఆపుతం. ఒప్పుకుంటెనే వస్తం."

"నేను గూడ గంతే," అని బిక్షమ్మ చెయ్యెత్తింది. ఆ వెనక ఇంకొకటి, మరొకటి, చూస్తుండగానే సగం హాలు చేతులెత్తింది. అందరినీ ఒకేసారి మరిచిపోవడం పరశురాం వల్ల కాదు. "సరే, సరే, కోమల గూడ రానీ" అన్నాడు. ఇప్పుడు అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆ చూపుల్లో నమ్మకం ఉంది.

ఆ నమ్మకం చూసి కోమలకు పరశురాంను చూసినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది. వీళ్లంతా ఆమె చెవులను నమ్మి కళ్లు మూసుకుని పడుకుంటారు, కన్నబిడ్డతో సహా. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ రేపు ఆ బండ మీద మళ్లీ ఇంకొంచెం చూద్దాం అనిపిస్తే?

"నాతోని గాదు," అంది. "నన్ను నమ్మకుండ్రి."

"ఏమైందే?" అంది బిక్షమ్మ.

"సాలమ్మక్క పక్కన పండుకున్నది నేనే. ఆమె గొంతుల చప్పుడైంది. నేను ఇన్న. షాట్ ఖరాబైతదని లెవ్వలే."

వర్షిత తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఎత్తిన చేతులు కొన్ని దిగాయి. హాలు వెనక గోడకు ఆనుకుని కృష్ణయ్య ఉన్నాడని కోమలకు అప్పుడు తెలిసింది, ఆయన కుర్చీలు పక్కకు జరుపుకుంటూ వస్తుంటే. దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకుంది. కొట్టినా మంచిదే అనుకుని మొహం తిప్పుకోకుండా నిలబడింది.

"నన్నేమన్న పిలిసిందా?" అని అడిగాడు కృష్ణయ్య.

"లేదు బావా. ఉత్త చప్పుడే."

ఆయన తల ఊపాడు. కళ్లు తుడుచుకోలేదు, ఓదార్చలేదు, క్షమించానని అనలేదు.

"రేపు పిల్లల నడుమ నువ్వే పండుకో," అన్నాడు. "లెవ్వకుంటె ఏమైతదో ఈ హాల్ల నీకొక్కదానికే ఎరుక."

అని వెనక్కి పోయి అదే గోడకు ఆనుకున్నాడు. దిగిన చేతులు ఒక్కొక్కటే మళ్లీ లేచాయి. పరశురాం వేలు చూపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కోమల కూడా చెయ్యెత్తింది. రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని, పరశురాం వేలు తన దగ్గరికి వచ్చేదాకా దించకుండా నిలబడింది.