కార్డు ఉండగానే

"కార్డు ఉండగానే నీ గర్భసంచి తీయించేద్దాం" అన్నాడు ధనరాజు, కంచంలో చెయ్యి కడుక్కుంటూ. సైకిలుకు ట్యూబు మార్పించే మాటలా అన్నాడు. అతని భార్య సూర్యకుమారి కంచం తీసింది.

అతను గుడివాడ దగ్గర రొయ్యల మేత కంపెనీలో సూపర్‌వైజరు. కంపెనీ ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డులిచ్చింది. జీతంలోనూ నెలనెలా కొంత కోస్తోంది. మార్చి నెలాఖరుకు గడువు తీరుతుంది. ఏడాదంతా ఇంట్లో ఎవరికీ జబ్బు చెయ్యలేదు. సంతోషించాల్సింది పోయి, కట్టిందంతా దండగైపోతోందని కుమిలిపోతున్నాడు మహానుభావుడు. తోటి ఉద్యోగి బసవపున్నయ్య తన భార్యను బందరు నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్లి, కార్డు మీదే ఆ పని కానిచ్చుకొచ్చాడట. ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకెందుకది, రేపు క్యాన్సరొస్తే ఎవరు చూస్తారని హితబోధ కూడా చేశాడట.

ఈ కబురు అత్తగారు జానకమ్మ చెవిలో తేనె పోసినట్టుంది. "నెలకు మూడు రోజులు పొయ్యి దగ్గర నేను చావలేకపోతున్నాను. ఆ గోల తీరిపోతుంది" అంది.

సూర్యకుమారికి అక్కడ తగిలింది. ఆ మూడు రోజులూ ఆమెను వంటింట్లోకి రానివ్వరు, పెరటి గదిలో చాప వేసుకోమంటారు. పెళ్లైన కొత్తలో ఆ అవమానానికి కుళ్లి కుళ్లి ఏడ్చింది. పదమూడేళ్లు గడిచేసరికి, ఏమైందో ఏమో, ఆ రోజులు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తోంది. మిగతా రోజుల్లో నాలుగింటికి లేస్తే రాత్రి పదింటికి గానీ నడుం వాల్చదు. ఆ గదిలో మాత్రం ఎండెక్కేదాకా నిద్రపోతుంది, వారపత్రిక అట్ట నుంచి అట్టదాకా చదువుతుంది. మైల అని పక్కన పెడితే తప్ప విశ్రాంతి దొరకని బతుకూ ఒక బతుకేనా అని తన మీద తనకే ఒళ్లు మండింది. ఇప్పుడు అదీ పోతుంది. అందుకోసం నిక్షేపంలాంటి ఒంటిని కోయించుకోవాలి.

బందరు బస్సులో ధనరాజు పాఠం చెప్పాడు. ఆరు నెలలుగా రక్తం ఆగకుండా పోతోందని చెప్పాలి, లేకపోతే ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోరు.

డాక్టరమ్మ తలెత్తకుండానే ఎన్నాళ్ల నుంచని అడిగింది. జవాబు ధనరాజే చెప్పాడు. ఆవిడ రాసుకుని, భర్త సంతకం కావాలంటూ కాగితం అతని ముందుకే తోసింది. అతను జేబులోంచి పెన్ను తీశాడు.

"అబద్ధమండీ. నాకే జబ్బూ లేదు" అంది సూర్యకుమారి.

డాక్టరమ్మ అప్పుడు తలెత్తింది. దానికి ఆపరేషనంటే భయమని ధనరాజు నవ్వబోయాడు. సూర్యకుమారి ఆ కాగితాన్ని అతని చేతి కిందనుంచి లాగేసుకుని, అతనివైపు తిరిగింది.

"మీకు నెలకు నాలుగు ఆదివారాలున్నాయి. నాకున్నవి మూడే. ఇవ్వను."