సంతకం లేని గోడ

నీలిపొడిలో ముంచిన దారాన్ని ఆ చివర మేకుకు కట్టి, ఈ చివర బొటనవేలితో అదిమిపట్టి, మధ్యలో చిటుక్కున లాగి వదిలాడు భీమయ్య. సున్నం గోడమీద సన్నని నీలిగీత పడింది. మీసాలు రాకముందు నుంచీ అతని పొద్దు ఈ గీతతోనే మొదలవుతోంది.

పానగల్ అవతల ఓ సర్కారు బడిలో నాలుగో తరగతి గది అది. వేసవి సెలవులు. స్టూలు మీద నిలబడ్డ భీమయ్య ఎడమచేతిలో కొసకు గుడ్డ చుట్టిన కర్ర, దానిమీద ఆనించిన కుడి మణికట్టు, వేళ్ల మధ్య కుంచె. గోళ్ల సందుల్లో ఏ కిరసనాయిలుకూ వదలని ఎర్రరంగు. ఇంగ్లిష్ చదవడం రాదు గానీ ఆ అక్షరాల ఒంపులన్నీ వేళ్లకు వచ్చు. సినిమా హాళ్లు, ఎరువుల దుకాణాల షట్టర్లు, ఎన్నికల గుర్తులు... నల్లగొండ నుంచి దేవరకొండ దాకా అతని చెయ్యి పడని గోడ లేదనేవారు. ఫ్లెక్సు మిషన్లు వచ్చి అంతా మింగేశాయి. మిగిలినవి బడిగోడలే.

"ఏంది టీచరమ్మా, గీ వరుస?"

స్వరూప టీచర్ దగ్గరికొచ్చి, తను రాసిచ్చిన కాగితం మీద వేలితో చూపించింది. "పైనయి కాలం మాటలు తాతా. ఏజ్, ఈరా, పీరియడ్. కిందయి వయసు మీదపడ్డోళ్ల మాటలు. ఓల్డ్, ఏజ్డ్, ఏన్షియెంట్. ఆఖరుది ఎల్డర్లీ. అంటే జర మర్యాదగ అనుడు."

"గిన్ని మాటలున్నయా! మీ శివకుమారుకు ఒక్కటే తెల్సు. పొద్దుగాల్నుంచి ముసలోడా అనే పిలుస్తుండు."

శివకుమార్ బడి పనులు పట్టిన కాంట్రాక్టరు మనిషి. మధ్యాహ్నం దాటాక ట్రాలీ ఆటోలో పొడుగాటి చుట్ట ఒకటి వేసుకుని మళ్లీ వచ్చాడు.

"ఓ ముసలోడా, దిగు. ఫ్లెక్సు వచ్చింది. గవ్వే మాటలు, బొమ్మలతోటి."

"మరి నన్నెందుకు పిలిచినవ్?"

"షీటు రాదేమో అనుకున్నం. నీ చెయ్యి వణుకుతాంది, అక్షరం వంకరొస్తాంది. దిగు."

అరికాలి మంట నెత్తికెక్కింది భీమయ్యకు. చెయ్యి వణుకుతున్న మాట నిజమే. ఏన్షియెంట్‌లో ఒక అక్షరం పక్కకు ఒరిగిన మాటా నిజమే. నిజం కాబట్టే ఒళ్లు ఇంకా మండింది.

"దిగ. పట్టిన గోడ నడిమిట్ల ఇడిసిపెట్టుడు నాకు తెల్వది. రాసినంక ఏం కప్పుకుంటవో కప్పుకో."

శివకుమార్ నెత్తి కొట్టుకుని నీడపట్టున కూర్చుని ఫోను తీశాడు.

"షీటు వద్దని పెద్దసారుకు చెప్పిన తాతా. ఇనలే," అంది స్వరూప నేల చూస్తూ. ఆమె మీదా కోపం వచ్చింది అతనికి. పిల్లలకు మర్యాద మాట నేర్పే మనిషి, శివకుమార్ ఎదుట గట్టిగా ఒక్క మాట అనలేకపోయింది.

మిగిలింది ఆ మర్యాద మాటే. పళ్లు బిగబట్టి రాశాడు. ఒక్క అక్షరం ఒరగలేదు.

గోడ పూర్తయితే కుడిమూల కింద 'భీమయ్య ఆర్ట్స్' అని చిన్నగా రాసుకోవడం అతని ఆనవాయితీ. దానికని ఉడుత వెంట్రుకలతో తనే కట్టుకున్న సన్నకుంచె ఉంది. వేరే అక్షరం ఏదీ దానితో రాయలేదు. పెళ్లయిన కొత్తలో భార్య లీలమ్మ బస్సు కిటికీలోంచి గోడగోడకూ ఆ పేరు వెతుక్కుని మురిసిపోయేది.

కుంచెను నల్లరంగులో ముంచి గొంతుక్కూర్చున్నాడు. వెనక డ్రిల్లు మిషను గుర్రుమంది. గోడకు ఆనబోయిన కుంచె ఆగిపోయింది.

"నా పేరు గూడ గా షీటు కింద పాతిపెడ్తవా? పెట్టనియ్య."

కుంచెను డబ్బాలో వదిలేశాడు. చేతులు కడుక్కోలేదు. కర్ర, దారం సంచిలో వేసుకుని, సైకిలెక్కి గేటు దాటిపోయాడు. మళ్లీ ఏ గోడకూ అతను రాలేదు.

శివకుమార్ మర్యాద మాటకు నడిమధ్యన రంధ్రం వేసి షీటు బిగించాడు. ఆరని రంగు దాని వీపుకు అంటుకుంది. కింద, డబ్బా అంచుకు ఒరిగి, నల్లరంగు పట్టిన ఉడుత వెంట్రుకల కుంచె ఎండి బిర్రబిగుస్తోంది.