బొట్టు పెట్టి పిలవాల్సిన ఆవు

కళాశాలలో ఆమెను అందరూ పుస్తకం అనేవారు. పశువైద్యం మూడో ఏడు చదువుతోంది. ఆవు పొట్టలోని నాలుగు గదుల్లో ఏ గది ఏ పని చేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఏ అంశం ఇచ్చినా తిప్పి తిప్పి ఆవు వ్యాసమే రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వాళ్లకు తగిన చదువు దొరికితే ఎలా ఉంటుందో పుస్తకాన్ని చూస్తే తెలిసేది.

అయితే అసలు ఆవు ఎదురైతే మాత్రం రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేది.

ప్రాక్టికల్ క్లాసులో గుంపు వెనకాల నిలబడి, "నేను ట్రే పట్టుకుంటానే" అనేది. పట్టుకునేది కూడా, తను వదిలేస్తే వైద్యం ఆగిపోతుందన్నంత శ్రద్ధగా. అలా మూడేళ్లు ఒక్క పశువునూ ముట్టుకోకుండా మొదటి ర్యాంకు తెచ్చుకుంది. ఆ ర్యాంకే కొంప ముంచింది. విదేశాల్లో పాడి పరిశ్రమను చూసి రావడానికి పంపే విద్యార్థుల జాబితాలో మొదటి పేరు ఆమెదే వచ్చింది.

"ఫారాలు చూపిస్తారు, అంతేగా మేడమ్?" అని అడిగింది ఆశగా.

"చూడటానికి ఫొటోలు చాలవూ? ఇద్దరిద్దరు చొప్పున రైతుల ఇళ్లలో ఉంటారు. పొద్దున్నే లేచి పాలు పితుకుతారు" అన్నారు మేడమ్.

మేడమ్ పశు ప్రసూతి శాస్త్రం చెప్పే ప్రొఫెసరు. ఆవిడకు రెండు అలవాట్లుండేవి. ఎవరు ఆలస్యంగా వచ్చినా క్షమించకపోవడం ఒకటి, అందరికంటే ఆలస్యంగా రావడం రెండోది. ప్రయాణం పొడుగునా బస్సు నిండా పిల్లలు కూర్చుని ఆవిడ కోసమే ఎదురుచూశారు.

పుస్తకానికి జోడీగా మైకును వేశారు. మైకు గుసగుసలాడితే పక్క గదిలోవాళ్లు జవాబిచ్చేవారు. భయమన్నది ఆ పిల్ల ఎరగదు. వాళ్లిద్దరికీ దొరికిన ఇంట్లో ఒక పాడి రైతు, ఆయన తల్లి ఉంటారు. ఇల్లు పొడుగ్గా, పొట్టిగా, పశువుల కొట్టానికి తోకలా అతుక్కుని ఉంది. వంటింట్లో గిన్నెలు కడుగుతూ తలెత్తితే ఆవులు కనిపిస్తాయి. ఆవులు తలెత్తితే వంటిల్లు కనిపిస్తుంది. మొదటి రోజు పొద్దున పుస్తకం పడకగది కిటికీ తెర తీసేసరికి, అద్దానికి అవతల మొహమంతా ముక్కే ఉన్న ప్రాణి ఒకటి ఊపిరి వదులుతోంది. పుస్తకం తెర వేసేసి మళ్లీ మంచమెక్కింది.

వాళ్ల భాష వీళ్లకు రాదు, వీళ్ల భాష వాళ్లకు రాదు. మధ్యలో రైతు ఫోను ఉంది. ఆయన దానికి ఏదో చెబితే, అందులోంచి ఒక ఆడగొంతు తెలుగులో పలికేది.

"శుభోదయము. మీ నిద్ర విజయవంతమైనదా? దయచేసి చెప్పులను మార్చుడు. పేడ మీకొరకు వేచి ఉన్నది."

పెరటి తలుపు దగ్గర రబ్బరు బూట్లు వరసగా ఉండేవి. రైతు బూటులో పుస్తకం రెండు కాళ్లూ పట్టేవి. పెద్దావిడ తన బూట్లు తెచ్చి ఇచ్చింది. అవి సరిగ్గా సరిపోయాయి. తప్పించుకోవడానికి ఉన్న ఒక్క సాకూ అలా పోయింది.

పాలు పితికే షెడ్డులో గోడ పొడుగునా గొట్టాలు, యంత్రాలు. ఆవులు ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చి వాటి చోట్లలో నిలబడాలి. అన్నిటికంటే ముందుండే ఆవు మాత్రం గేటు దగ్గరికి రాగానే ఆగిపోయేది. తెల్లటి మొహం, నల్లటి ఒళ్లు, ఎవరినీ లెక్కచేయని చూపు. మైకు దానికి దొరసాని అని పేరు పెట్టింది. దొరసాని ఆగితే మందంతా ఆగిపోవలసిందే. రైతు ఈల వేసేవాడు, బకెట్టు వాయించేవాడు, చివరికి భుజం ఆనించి నెట్టేవాడు. దొరసానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడే కదిలేది.

ఒకరోజు పొద్దున యంత్రం మొరాయించింది. రైతు గొట్టాల కింద దూరి దాన్ని బాగుచేస్తున్నాడు. మైకు బకెట్లు కడుగుతోంది. స్తంభం వెనకాల నిలబడ్డ పుస్తకం వైపు చూసి, దొరసానిని లోపలికి తోలమని రైతు చేత్తో సైగ చేశాడు.

పుస్తకానికి పై ప్రాణాలు పైనే పోయాయి. గేటు దాకా వెళ్లింది. ఆవు ఆమెను చూసింది, ఆమె ఆవును చూసింది. ఇద్దరూ కదల్లేదు. వెనకాల ఆవులన్నీ పోగై అరుస్తున్నాయి. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఆ ఆకలికి, ఆ చలికి, ఆ భయానికి ఏమైందో ఏమో, చిన్నప్పుడు తనను స్నానానికి పిలిచి పిలిచి విసిగిపోయిన అమ్మమ్మ గొంతు ఆమె నోట్లోంచి ఊడిపడింది.

"రావమ్మా మహాతల్లీ! నీకు ప్రత్యేకంగా బొట్టు పెట్టి పిలవాలా?"

దొరసాని చెవులు రిక్కించింది. ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత తల వంచుకుని బుద్ధిగా లోపలికి వెళ్లి తన చోట్లో నిలబడింది. మందంతా దాని వెనకే నడిచింది.

రైతు గొట్టాల కిందనుంచి తల బయటికి పెట్టి నోరు తెరిచాడు.

సాయంత్రం ఆయనే పిలిచి చూశాడు, రాలేదు. పుస్తకం ఆ మాటే మళ్లీ అంది, వచ్చింది. మర్నాడూ అంతే. ఇక తల్లీకొడుకులు ఊరుకోలేదు. ఆ మంత్రమేమిటో చెప్పమని ఫోను తెచ్చి పుస్తకం నోటి ముందు పెట్టారు. పుస్తకం బిక్కమొహంతో చెప్పింది. ఫోను దాన్ని వాళ్ల భాషలోకి మార్చి వినిపించింది. పెద్దావిడ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. కళ్లు చెమర్చాయి. ఆవిడ ఏదో అంటే ఫోను మళ్లీ తెలుగులో చెప్పింది.

"మేము ఎల్లప్పుడూ కేకలు వేసితిమి. మీరు ఆవును గొప్ప తల్లి అని సంబోధించి, నుదుట బొట్టుతో ఆహ్వానించుచున్నారు. ఎంత నాగరికులు!"

"చెప్పవే, అది మర్యాద కాదు దెప్పిపొడుపని" అంది మైకు.

"నువ్వు చెప్పవే."

"నేనా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అయినా చూడు ఆవిడ మొహం. ఆ మొహం చూస్తూ చెప్పగలవా?"

పుస్తకం చూసింది, చెప్పలేకపోయింది. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది.

పెద్దావిడ ఆ వాక్యాన్ని కూరగాయలు తరుగుతూ వల్లెవేసింది, బట్టలు మడతపెడుతూ వల్లెవేసింది. నాలుక తిరగనిచోట మైకు దగ్గరుండి దిద్దింది. దిద్ది ఊరుకుందా, లేదు. "నడుం మీద చెయ్యి వేసి, మూతి కాస్త ఓరగా పెట్టాలి, అప్పుడే నిండుదనం" అని అభినయం కూడా నేర్పింది. వారం తిరిగేసరికి ఆ వాక్యం కొట్టం దాటింది. గడ్డి లారీ డ్రైవరు వస్తే పెద్దావిడ నడుం మీద చెయ్యి వేసి, "రావమ్మా మహాతల్లీ!" అంది. పోస్టుమానునూ అలాగే పిలిచింది. అర్థం చెప్పించుకుని వాళ్లు టోపీలు తీసి దణ్ణాలు పెట్టారు.

"పోనీలేవే, మనం వెళ్లిపోయాక ఇక్కడ తెలుగు తెలిసినవాళ్లు ఎవరొస్తారు?" అంది మైకు.

రెండో వారంలో మేడమ్ వచ్చారు.

ఒక్కో ఇంటికీ వెళ్లి పిల్లలు ఎలా ఉన్నారో చూడటం ఆవిడ పని. భోజనం వేళకు వస్తానని కబురు పంపిన మనిషి, వీళ్లు తిని గిన్నెలు కడిగి ఆరబెట్టాక వచ్చారు. పెద్దావిడ అప్పటికే మంచి కోటు వేసుకుని, తల దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కిటికీలోంచి ఆ నిలబడ్డ తీరు చూడగానే పుస్తకానికి సంగతి అర్థమైంది. ఆ చెయ్యి నడుం మీదికి వెళ్తోంది!

"అయ్యో, వద్దండీ!" అని పరిగెత్తింది. కాలు జారి గడపలో పడింది.

అప్పటికే ఆలస్యమైంది. మేడమ్ మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే, ఒక్క అక్షరం తప్పు లేకుండా, మూతి ఓరగా పెట్టి మరీ పలికింది పెద్దావిడ.

"రావమ్మా మహాతల్లీ! నీకు ప్రత్యేకంగా బొట్టు పెట్టి పిలవాలా?"

మేడమ్ ఉలిక్కిపడ్డారు. గడియారం చూసుకున్నారు.

"సారీ అండీ, దారిలో కాస్త ఆలస్యమైంది" అన్నారు అప్రయత్నంగా. అని, రెండో మెట్టు ఎక్కి, అక్కడ ఆగిపోయారు. తానెక్కడున్నదీ అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, మెల్లగా తల తిప్పి గడపలో పడి ఉన్న పుస్తకాన్ని చూశారు.

"ఈవిడకు తెలుగు నేర్పిందెవరు?"

మైకు జీవితంలో మొదటిసారి మౌనంగా ఆకాశం వైపు చూస్తోంది.

"నేను ఆవుతో అన్నాను మేడమ్. ఈవిడ విని పట్టుకున్నారు" అంది పుస్తకం.

"అంటే, ఆవుతో అనాల్సిన మాట నాతో అన్నారన్నమాట."

అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. పుస్తకం గడపలోంచి లేస్తుండగా దేవుడు కరుణించినట్టు కొట్టంలోంచి రైతు కేక వినిపించింది. అందరూ అటు పరిగెత్తారు.

గడ్డి పరిచిన దొడ్డిలో తొలిచూలు పెయ్య ఒకటి పడుకుని మూలుగుతోంది. దూడ ముక్కూ ఒక ముందుకాలూ బయటికి కనిపిస్తున్నాయి. రెండో కాలు లేదు. పశువుల డాక్టరు వేరే ఊళ్లో ఉన్నాడట, బయల్దేరాడట. రైతు చెయ్యి పెట్టి చూశాడు. ఆయన చెయ్యి రోకలిబండంత ఉంది. పెయ్య సన్నంది. లాభం లేకపోయింది.

మేడమ్ మొహం మారిపోయింది. గుమ్మంలో జరిగిన అవమానం ఎటు పోయిందో తెలీదు. వాచీ తీసి పారేసి, చీర కుచ్చిళ్లు ఎగదోపి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నారు. కుడిచెయ్యి ఎత్తబోయి పళ్లు బిగించారు. ఆవిడ భుజం పట్టేసి చాలాకాలమైంది. పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద పైవరసలు కూడా రాయలేరు.

ఆవిడ మైకు చేతుల వైపు చూశారు. అవి రైతు చేతులకు చెల్లెళ్లలా ఉన్నాయి. తర్వాత పుస్తకం వైపు చూశారు. మునక్కాడల్లాంటి చేతులు.

"నువ్వు రా."

"నేను ట్రే పట్టుకుంటాను మేడమ్."

"ఇక్కడ ట్రే లేదు. రా."

భుజం దాకా వచ్చే చేతితొడుగు వేశారు. జారుడు మందు పూశారు. పుస్తకం కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి లోపలికి పెట్టింది. వెచ్చగా ఉంది. ఇంత వెచ్చగా ఉంటుందని ఏ పేజీలోనూ రాయలేదు.

"మేడమ్, ఏడో అధ్యాయంలో, ముందుకాలు వెనక్కి మడతపడినప్పుడు..."

"అధ్యాయం వదిలెయ్. చేతికి ఏం తగులుతోంది?"

"తల... నోరు... నాలుక..." ఉన్నట్టుండి పుస్తకం కళ్లు తెరిచింది. "మేడమ్! నా వేలు చప్పరిస్తోంది! బతికే ఉంది!"

"మరి దానికి లేని భయం నీకెందుకు? మెడ పక్కనుంచి కిందికి పో. మోకాలు దొరకాలి."

అప్పుడే పెయ్యకు నొప్పి వచ్చింది. పుస్తకం చెయ్యి తలుపు సందులో పడ్డట్టు నలిగింది. "అమ్మా!" అని అరిచింది. మైకు ఆమె వీపు పట్టుకుంది.

"నొప్పి వచ్చినప్పుడు ఆగు. అది ఆగినప్పుడు నువ్వు కదులు. తొందరపడకు తల్లీ" అన్నారు మేడమ్. ఆవిడ గొంతులో అంత మెత్తదనం ఉంటుందని క్లాసులో ఎవరికీ తెలీదు.

"మోకాలు దొరికింది."

"వెనక్కి నెట్టు. నెట్టి గిట్ట వెతుకు. దొరగ్గానే అరచేత్తో కప్పేయ్, లోపల గీసుకోకూడదు. ఇప్పుడు నీ వైపు తిప్పు. మెల్లగా... ఇంకా మెల్లగా..."

పుస్తకం బుగ్గ పెయ్య తొడకు ఆనుకుని ఉంది. ముక్కు పక్కనే తోక ఆడుతోంది. అవేమీ ఆమెకు తెలియడం లేదు. గుప్పెట్లో గిట్ట చిన్న సబ్బుముక్కలా జారుతోంది. పట్టుకుంది. జారింది. మళ్లీ పట్టుకుంది. కాలు ఒక్కసారి చాపుకుని, ఆమె చేతితోపాటే బయటికి వచ్చింది.

రెండు కాళ్లకూ తాళ్లు కట్టి రైతూ మైకూ నొప్పి వచ్చినప్పుడల్లా లాగారు. నాలుగైదు లాగుళ్లకు దూడ జర్రున జారి వచ్చింది. లాగినవాళ్లిద్దరూ వెల్లకిలా పడ్డారు. దూడ గడ్డిలో కదలకుండా పడి ఉంది. మేడమ్ ఒక గడ్డిపరక తీసుకుని దాని ముక్కులో పెట్టి తిప్పారు. ఇంకోసారి తిప్పారు. దూడ పెద్దగా తుమ్మింది. ఆ తుమ్ములో ఉన్నదంతా మేడమ్ మొహం మీదే పడింది.

"బతికింది" అన్నారు మేడమ్, కళ్లు తెరవకుండానే.

డాక్టరు వచ్చి తల్లినీ దూడనూ పరీక్షించి, అంతా బాగుందన్నాడు. పెద్దావిడ నీళ్లు కాచింది. మేడమ్ స్నానం చేసి, పెద్దావిడ ఇచ్చిన పువ్వుల గౌనులో బయటికి వచ్చారు. అది ఆవిడకు పొట్టి, వెడల్పు. ఆ గౌనులోనే బస్సెక్కబోతూ పుస్తకాన్ని దగ్గరికి పిలిచారు.

"రేపట్నుంచి స్తంభాల వెనకాల కనిపించావంటే చూడు" అన్నారు. నవ్వు ఆపుకోవడానికి కాబోలు, చరచరా బస్సులోకి వెళ్లిపోయారు. తర్వాత వెళ్లిన ఇళ్లలో పిల్లలెవరూ గౌను గురించి అడిగే ధైర్యం చెయ్యలేదట.

పొద్దుగూకే వేళ పుస్తకం ఒక్కతే దొడ్డిలోకి వెళ్లింది. దూడ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతుండగా లేచి, పడి, మళ్లీ లేచి పాలు వెతుక్కుంటోంది. తల్లి పుస్తకం మోచేతిని ఒకసారి నాకింది. గరుకు కాగితంతో తోమినట్టయింది. పుస్తకం ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత అదే అడుగు ముందుకి వేసి, దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది.

ఇంటికి ఫోను చేస్తే అమ్మ ఎత్తింది.

"అమ్మా, ఇవాళ నేను దూడను బయటికి తీశాను."

"ఎక్కణ్నుంచి?"

పుస్తకం చెప్పింది.

"స్నానం చేశావా?" అంది అమ్మ.

"రెండుసార్లు చేశానమ్మా."

"మళ్లీ చెయ్యి."

వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది. "ముందు కోడెదూడో పెయ్యదూడో అడుగు!"

"పెయ్యదూడే నాన్నా."

"తల్లి బాగుందా?" అంది అమ్మ. ఈసారి గొంతు మెత్తబడింది.

"బాగుంది. గడ్డి తింటోంది."

"మరి నువ్వేం తిన్నావ్?"

మేడమ్ వస్తున్నారన్న కంగారులో మధ్యాహ్నం ముద్ద సరిగ్గా దిగలేదన్న సంగతి పుస్తకానికి అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా కళ్లు తిరిగేంత ఆకలేసింది. "ఉండమ్మా, తిని చేస్తాను" అని ఫోను పెట్టేసి, వంటింట్లోకి పరిగెత్తింది. అక్కడ మైకు అప్పటికే రెండో పళ్లెం ముందు కూర్చుని, దూడను ఎలా లాగిందో పెద్దావిడకు ఇల్లెగిరిపోయేలా చెబుతోంది.