తెగని హాజరు

ఎనిమిదో బకెట్టు సగం నిండేసరికి పోశన్న నడుము నిటారుగా చేసుకుని, డ్రమ్ము అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తెల్లవారడానికి ఇంకా గంట ఉంది. ఎండాకాలం బహ్రెయిన్ దేశపు ఈ బుసైతీన్‌లో డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చుర్రుమంటాయి. అందుకని అతను ముందురోజు సాయంత్రమే స్నానాల గది మూలనున్న నీలం డ్రమ్ములో నీళ్లు పట్టి ఉంచుతాడు. రాత్రంతా చల్లారిన ఆ నీళ్లను పొద్దున్నే లేచి, గదిలోని ఎనిమిది మందికీ ఎనిమిది బకెట్లలో సర్దుతాడు. ఎవరూ చెప్పిన పని కాదు. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నాడు కాబట్టి అతనిదైపోయింది.

ఎనిమిదో బకెట్టు యాదగిరిది. యాదగిరి ఏడు రోజులుగా డ్యూటీకి రావడం లేదు. అయినా పోశన్న అతని వంతు తప్పించలేదు.

యాభై తొమ్మిదేళ్ల మనిషి పోశన్న. ఎండకు కాగిన బక్కపలచని ఒళ్లు, మోకాళ్ల మీద నల్లగా కాయగట్టిన చర్మం, ఎప్పుడూ సగం మూసినట్టుండే ఎడమ కన్ను. రోడ్ల పక్కన అంచురాళ్లు పేర్చడం అతని పని. ఆ కన్ను పూర్తిగా మూసి చూశాడంటే, రాయి వెంట్రుకవాసి పక్కకు జరిగినా దారం అక్కర్లేకుండానే పట్టేస్తాడు.

గదిలోకి వచ్చేసరికి యాదగిరి మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ల వాడు పది రోజుల్లో ముసలివాడిలా అయ్యాడు. ట్యూబులైటు వెలుగులో కళ్లలోని తెలుపంతా పచ్చగా కనిపించింది.

“కాకా, నాకెందుకు పట్టినవ్ నీళ్లు?”

“పోసుకో. పెయ్యి తేలికైతది.”

“ఇయ్యాల మేనేజర్ వస్తడట.”

“ఎరుకే బిడ్డా.”

యాదగిరి ఇంకేదో అంటాడేమోనని పోశన్న చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆపాడు. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కంపెనీ బస్సులో మాటలన్నీ మేనేజరు రాక గురించే. పదో తరగతి పాసైన స్వామి ఫోను పైకెత్తి చూపిస్తున్నాడు.

“రోగమొచ్చి పండుకున్న దినాలకు గుడ జీతమియ్యాలె. చట్టంలనే ఉన్నది. ఇగో సూడుండ్రి.”

“చట్టం నీ ఫోన్లో ఉంది తమ్ముడూ,” అన్నాడు మిక్సర్ నడిపే బుల్లబ్బాయి. కోనసీమ మనిషి. “మన ఫోర్‌మన్‌ది వేరే ఫోను.”

“మరి డాక్టర్ చీటీ తెచ్చినోనికన్న ఇయ్యాలె గద?”

“చీటీ మొదటి రోజే తేవాలంటాడు. మొదటి రోజే తెలిసిపోతే మనమే డాక్టర్లం అయిపోదుం కదండీ.”

“పోశన్న కాకకు జ్వరమొస్తే ఎట్లనే?” అని వెనక సీటులోంచి ఎవరో అడిగారు.

“బాబాయికి జ్వరం రాదు. జ్వరమే బాబాయిని చూసి సిక్ లీవు పెట్టేసుద్ది!”

బస్సంతా నవ్వింది. పోశన్న కూడా నవ్వాడు. ఈ వేళాకోళం పాతదే. అది విన్న ప్రతిసారీ అతనికి లోపల ఎక్కడో చల్లగా ఉండేది. సైటు ఆఫీసులో ముఖం చూసి హాజరు వేసే మిషను పైన అతని ఫొటో ఉంది. పంతొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా గైర్హాజరు కాని మనిషి అని దాని కింద రాసి పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఫోర్‌మన్ ముందు ఆ ఫొటో చూపించి, తర్వాతే పని చూపిస్తాడు.

బస్సు వంతెన ఎక్కాక స్వామి లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

“కాకా, ఒక్క మాట. మేనేజర్ మా మాట ఇనడు. నీ మాట ఇంటడు. పోయిన ఎండకాలం సంగతి చెప్పు సాలు. యాదగిరి బతుకుతడు.”

పోశన్న కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. “సూద్దాం తియ్యి,” అన్నాడు.

స్వామి అడిగింది చిన్న విషయమే. ఆ గదిలో ‘నీడ డ్యూటీ’ అని ఒకటి ఉంది. ఒంట్లో బాగాలేని వాడిని మిగతావాళ్లు బస్సెక్కించి తీసుకుపోతారు. మిషను ముందు ముఖం పెట్టించి హాజరు వేయిస్తారు. తర్వాత రాళ్ల దొంతుల వెనక గోనెపట్టా పరిచి పడుకోబెడతారు. అతని వరస మిగిలినవాళ్లు పేర్చేస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ అందరూ ఒకసారైనా ఆ నీడలో పడుకున్నవాళ్లే.

యాదగిరి కూడా మొదటి మూడు రోజుల జ్వరం ఆ నీడలోనే గడిపాడు. నాలుగో రోజు ఫోర్‌మన్ కంటపడ్డాడు. ఆరోగ్యకేంద్రంలో డాక్టరు కామెర్లేమో అని అనుమానించి, రెండు రోజుల సెలవు రాసి, రక్తపరీక్షకు మళ్లీ రమ్మన్నాడు. మళ్లీ తీసుకుపోవడానికి కంపెనీ బండి రాలేదు. సొంతంగా పోయే ఓపిక అతనికి లేదు. ఇప్పుడు కంపెనీ అంటున్నది ఒకటే మాట: మిషను లెక్కన మూడు రోజులు బాగానే పని చేశాడు, చీటీ రెండు రోజులకే ఉంది, మిగతాదంతా ఎగవేత. ఎగవేతదారుకు వీసా రద్దు చేసి ఇంటికి పంపడమే. ఆ మూడు రోజులూ అతను పనిలో లేడు, నీడలో ఉన్నాడు అని నమ్మదగిన మనిషి ఒక్కడు చెప్పాలి.

పోశన్నకంటే నమ్మదగిన మనిషి ఆ కంపెనీలో లేడు. పోయిన ఎండాకాలం అతను ఛాతీ పట్టుకుని కూలబడి, పదకొండు రోజులు ఆ గోనెపట్టా మీద పడుకున్నాడు. పదకొండు రోజులూ అతని వరస పేర్చింది యాదగిరి. తన వరస పూర్తిచేసి, చెమట కూడా తుడుచుకోకుండా కాక వరస మొదలుపెట్టేవాడు. రాళ్లు వంకరగా వస్తే ఫోర్‌మన్ అనుమానిస్తాడని, తల కాస్త ఎత్తి చూడమని వచ్చి అడిగేవాడు. పోశన్న పడుకునే ఎడమ కన్ను మూసి, “జర ఇవతలికి,” అనేవాడు. తర్వాత ఆ సంగతి యాదగిరి ఎన్నడూ ఎత్తలేదు, పరాచికానికి కూడా.

ఎండ ఎక్కకముందే పని మొదలైంది. పోశన్న ఇసుకలో మోకాళ్లూని, రాయిని కౌగిలించుకున్నట్టు దించి, రబ్బరు సుత్తితో తట్టి, కన్ను మూసి చూశాడు. ఆ చూపు అతను రైలు పట్టాల మీద నేర్చుకున్నది.

ఇరవయ్యేళ్ల వయసులో కామారెడ్డి దగ్గర పట్టాల గ్యాంగులో రోజుకూలీగా చేరాడు. నూట ఇరవై రోజులు తెగకుండా పని చేసినవాడి పేరు పెద్ద పుస్తకంలోకి ఎక్కుతుందని, తర్వాత వాడు రైల్వే మనిషి అయిపోతాడని మేస్త్రీ చెప్పాడు. నూట మూడో రోజున టైఫాయిడ్ వచ్చింది. ఇరవై రోజులకు గోడ పట్టుకుని లేచి వెళ్లేసరికి హాజరు పట్టీలో అతని పేరు మీద అడ్డగీత ఉంది. అతని జాగాలో తమ్ముడు నర్సింగ్ గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి కూలి ఆగకూడదని నాయనే పంపాడు.

నర్సింగ్ పర్మనెంటు అయ్యాడు. ఒకసారి కాలు విరిగి మూడు నెలలు ఇంట్లో ఉంటే మూడు నెలలూ జీతం వచ్చింది. పోశన్న చూడబోయినప్పుడు తమ్ముడు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. “మంచిగయినంక పోత. తొందరేమున్నదే,” అన్నాడు. పోశన్నకు అసూయ కలగలేదు. మనిషి రోగంతో అంత నింపాదిగా ఉండగలడా అని ఆశ్చర్యం మాత్రం కలిగింది. అది ఇప్పటికీ తీరలేదు. బహ్రెయిన్ వచ్చాక ఎన్ని జ్వరాలు వచ్చాయో, ఎన్ని విరేచనాలు పట్టుకున్నాయో. ప్రతి పొద్దునా కళ్లు తెరవగానే అతనికి గుర్తొచ్చేది ఆ అడ్డగీతే. నాగవ్వ ఫోనులో “పెయ్యి మంచిగున్నదా?” అని అడిగితే, ఆలోచించకుండానే “మంచిగున్నది,” అనేవాడు. భార్యకు చెప్పిన జవాబే డాక్టరుకూ చెప్పేవాడు. వయసు ముదిరినా కంపెనీ ఏటేటా అతన్ని ఉంచుకుంటున్నది ఆ ఫొటో కింది మాటను చూసే. నీడ డ్యూటీ ఉందని ఒప్పుకుంటే, నువ్వెన్ని రోజులు పడుకున్నావన్నదే మేనేజరు తర్వాతి ప్రశ్న. ఛాతీనొప్పి మనిషని తెలిస్తే యాదగిరి కంటే ముందు అతనికే టికెట్టు.

ఆ లెక్క అతనికి తెలుసు. స్వామికీ తెలుసు. అందుకే స్వామి రెండోసారి అడగలేదు.

పన్నెండు కాకముందే ఎండకు పని ఆపి అందరినీ బుసైతీన్ ఇంటికి చేర్చారు. రెండింటికి మేనేజరు వచ్చాడు. చెడ్డ మనిషని పేరు లేదు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, హాలులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అందరినీ కూర్చోమన్నాడు. ఎవరూ కూర్చోలేదు. యాదగిరి ఒక్కడు గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు.

స్వామి హిందీలో చెప్పుకొచ్చాడు. రోగానికి సెలవు కావాలి, ఆ సెలవుకు జీతం కావాలి, అవి లేకనే మనుషులు రోగంతో పనికి వస్తున్నారు. నీడ డ్యూటీ సంగతి కూడా దాచకుండా చెప్పేశాడు. మేనేజరు వింటూ, ఒళ్లో ఉన్న వీసా రద్దు కాగితాన్ని రెండు మడతలు పెట్టి మళ్లీ విప్పాడు.

“ఇది నేను మొదటిసారి వింటున్నాను. మిషను ముందు ముఖం పెట్టి పోయి పడుకుంటారా? ఇన్నేళ్లలో ఒక్కరూ నాకు చెప్పలేదే,” అన్నాడు. కళ్లతో గుంపంతా వెతికి చివర ఆగాడు. “పోశన్న భాయ్, ఇలా రా. నీ మాట నేను నమ్ముతాను. నిజంగానే రోగమొచ్చిన మనిషి ఇక్కడ అలా నీడలో పడుకోవడం ఉందా? ఉందంటే ఈ కాగితం చింపేస్తాను.”

పోశన్న రెండడుగులు ముందుకు వచ్చాడు. ఏసీ కింద పెట్టిన డబ్బాలో నీటిబొట్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ‘ఉన్నది సాబ్, నేనే పదకొండు దినాలు పండుకున్న’ అనే మాట నాలుక మీదికి వచ్చింది. బస్సులో, ఇసుకలో, అన్నం తింటున్నప్పుడు ఆ మాటను ఎన్నోసార్లు సరిచేసి పెట్టుకున్నాడు. యాదగిరి తలెత్తి చూడలేదు. తల వంచుకుని కాలి బొటనవేలినే చూస్తున్నాడు. బలవంతపెట్టని ఆ తలను చూసి పోశన్న ముఖం మేనేజరు వైపు తిప్పుకున్నాడు.

“నహీ సాబ్,” అన్నాడు. “నేనైతే ఎన్నడు సూడలే.”

మేనేజరు ఊపిరి వదిలి, జేబులోంచి పెన్ను తీశాడు. సెలవుల మాట ఇంకెవరూ ఎత్తవద్దన్నాడు. ఐదింటికి బండి వస్తుందని, యాదగిరి రాత్రికి పెద్ద క్యాంపులో ఉండి రేపు విమానం ఎక్కుతాడని చెప్పి, పోశన్న భుజం తట్టి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

పోశన్నను ఎవరైనా తిడితే బాగుండేది. బుల్లబ్బాయి ఒక్క వేళాకోళమైనా ఆడకుండా ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చున్నాడు. స్వామి ఫోను ఛార్జింగులో పెట్టి దుప్పటి ముసుగేసుకున్నాడు. పోశన్న ఎండలోనే సందు చివరి కోల్డ్‌స్టోరనే కిరాణా కొట్టుకు పోయి, చల్లటి లబన్ సీసా కొన్నాడు. కామెర్లకు మజ్జిగ మంచిదని నాగవ్వ అనేది. తిరిగి వస్తుంటే ఛాతీలో పాత చోటే పట్టేసింది. మసీదు గోడ నీడలో ఆగి, అది వదిలేదాకా నిలబడి, మళ్లీ నడిచాడు.

యాదగిరి సామాను సర్దుకోవడం అప్పటికే అయిపోయింది. ఒక సూట్‌కేసు, తాడుతో కట్టిన ఒక అట్టపెట్టె. అట్టపెట్టె మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

“యాదీ,” అన్నాడు పోశన్న గుమ్మంలో నిలబడి. “ఇగో, సల్లగున్నది. తాగిపో బిడ్డా.”

బయట బండి హారన్ మోగింది. యాదగిరి స్వామి చెయ్యి పట్టుకున్నాడు. బుల్లబ్బాయి అతన్ని వాటేసుకుని, “ఊరెళ్లగానే పెద్దాసుపత్రిలో చూపించుకో, వింటున్నావా?” అన్నాడు. యాదగిరి తల ఊపాడు. గుమ్మం దాకా వచ్చి, పోశన్న పక్కనే కింద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. వేళ్లకు పట్టు చాలక లేసు ముడి రెండుసార్లు జారిపోయింది. పోశన్న, అతను అందుకోని సీసా పక్కన పెట్టి, వంగబోయాడు. యాదగిరి ఆ కాలును మెల్లగా వెనక్కి తీసుకుని, మూడోసారికి తనే కట్టుకున్నాడు. లేచి సూట్‌కేసు ఎత్తుకున్నాడు. పోశన్న దారి ఇవ్వడానికి పక్కకు ఒదిగాడు. స్వామి అట్టపెట్టె ఎత్తుకుని యాదగిరి వెనకే నడిచాడు. యాదగిరి మెట్లు దిగి, ఇనుపగేటు తెరుచుకుని వెళ్లిపోయాడు.

బండి చప్పుడు సందు మలుపు తిరిగేదాకా పోశన్న అక్కడే ఉన్నాడు. తర్వాత లోపలికి వచ్చాడు. యాదగిరి మంచం మీద దుప్పటి చక్కగా మడిచి ఉంది. తలాపున కంపెనీ ఇచ్చిన తెల్లటి తలగడ, నడుమ తల ఆనిన పల్లం ఇంకా పైకి లేవలేదు, ఆ పల్లం నిండా చెమటకు దిగిన లేత పసుపు మరక.