అవతలికి మడుచుకున్న ఆకు

నరసాపురం రేవులో తెల్లారగానే పెద్దింట్లమ్మ చేసే మొదటి పని చేపతో మాట్లాడటం. మాట్లాడటమంటే మొప్ప ఎత్తి చూసి "నువ్వు నిన్నటిదానివి, పో" అనో, "రా తల్లీ" అనో అనడం. ఆ తరవాత మసాలా నూరడం, చింతపండు నానెయ్యడం, పదింటికల్లా కట్టెల పొయ్యి మీద పులుసు ఎక్కించడం. పన్నెండున్నరకి మెస్సు తలుపు తీసేసరికి నాలుగు బల్లల మీదా ముప్పై రెండు అరిటాకులు పరిచి ఉండేవి. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

తిన్నవాళ్లు చెయ్యి కడుక్కోడానికి లేవగానే ఆకులు వాటంతటవే మడుచుకునేవి. కడుపు నిండితే తిన్నవాడి వైపు మడుచుకునేవి. ఉప్పెక్కువైతే సగం మడుచుకుని ఆగిపోయేవి. ఎవరైనా మొహమాటపడి అర్ధాకలితో లేస్తే ఆకు విప్పుకునే ఉండేది. పెద్దింట్లమ్మ వాళ్లని మళ్లీ కూర్చోబెట్టి ఇంకో గరిటెడు వేసేది. ఊళ్లో ఎవరూ దీన్నొక వింతగా చెప్పుకోలేదు. తనిఖీకొచ్చిన ఆఫీసరు కూడా "ఆకులు మడిచే శ్రమ తప్పిందమ్మా మీకు" అని సంతకం పెట్టి వెళ్లాడు.

చెరువుల పని మీద భీమవరం నుంచి వారానికి రెండుసార్లు వచ్చే వెంకటరామరాజుగారు మాత్రం వచ్చినప్పుడల్లా "పులుసు నిన్నటంత లేదమ్మా" అనేవారు. నిన్న ఆయన రానే రాలేదు. ఆయన ఇలా అంటూ ఉండగానే వెనకాల ఆయన ఆకు ఆయన వైపు చక్కగా ఒదిగి మడుచుకునేది. పెద్దింట్లమ్మ ఆయన మాటకి తలూపేది, ఆకు మాట నమ్మేది.

అలాంటిది 2008లో, శివరాత్రికి వారం ముందు, కిటికీ పక్క బల్ల మీద ఒక ఆకు అవతలికి మడుచుకుంది. తిన్నతను ముప్పై ఏళ్ల మనిషి, మెళ్లో టై, చేతిలో మందుల కంపెనీ సంచీ. ఆకు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. పెద్దింట్లమ్మకి తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడకుండా ఆకు తీసి కొంగు చాటున పెట్టుకెళ్లి తొట్టిలో పడేసింది.

తన వంటలో లోటు లేదని ఆమెకి తెలుసు. మరి లోటు చేపలో ఉండాలి. చేప తెచ్చింది పల్లంరాజు. పదిహేనేళ్లుగా తన పడవలో పడ్డ మంచి చేప ముందు ఈ గుమ్మంలోకే తెచ్చే మనిషి. మర్నాడు చందువాల బుట్టతో వచ్చినవాణ్ని ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"రేపట్నుంచి వద్దు అన్నయ్యా."

"ఏం చెల్లెమ్మా?"

"ఆకు చెప్పింది."

ఆకు చెప్పాక పల్లంరాజు మాత్రం ఏమంటాడు? బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. ముందు రోజు ఆ చేప మొప్ప ఎత్తి "రా తల్లీ" అన్నది తనేనన్న సంగతి పెద్దింట్లమ్మ గుర్తు తెచ్చుకోలేదు. కావాలనే తెచ్చుకోలేదేమో.

పదిహేను రోజులు తిరక్కుండానే లేసు ఎగుమతి కంపెనీ మేనేజరు జగన్నాథరావు వచ్చాడు. చించినాడ వంతెన కట్టాక రేవు దాటే జనం పలచబడి, మెస్సులో ఆకులు పద్దెనిమిదికి దిగిపోయి ఉన్నాయి. ఉగాది నుంచి కంపెనీలో నలభై మందికి రోజూ మధ్యాహ్నం భోజనం పెద్దింట్లమ్మే పంపేలా అంతకుముందే మాటయింది. ఆ నలభై భోజనాలుంటే మెస్సు నిలుస్తుంది. లేకపోతే ఈ వేసవి దాటదు.

"నెట్‌లో మీ మెస్సు గురించి చెడ్డగా రాశారమ్మా," అన్నాడు జగన్నాథరావు ఇబ్బందిగా. "మా బయ్యర్లు ఎక్కడ తినాలన్నా ముందు అదే చూస్తారు. ఉగాదిలోగా ఏదో ఒకటి చేసుకోండి. లేకపోతే నా చేతుల్లో ఏం లేదు."

"నెట్‌లో రాసినోళ్లు ఇక్కడ తిన్నోళ్లేనాండి?"

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

మేనకోడలు రమ్యశ్రీ స్టేషను రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేది. అత్తని కుర్చీలో కూర్చోబెట్టి చదివి వినిపించింది. ఐదు స్టార్లకి ఒక్కటి. 'రుచీ పచీ లేదు. నా మాట నమ్మకపోయినా సరే, అక్కడి ఆకే అవతలికి మడుచుకుంది. జానకిరామ్.' దాని కింద ఇంకో ఆరుగురు. నేను వెళ్లలేదు గానీ విన్నాను అని ఒకరు, ఆకే చెప్పాక ఇంకేముంది అని ఒకరు, రేవు హోటళ్లన్నీ ఇంతే అని బరంపురం నుంచి ఒకాయన. ఆ ఆరుగురిలో ఒక్కరి చెయ్యీ ఆమె పులుసులో పడలేదు.

"తీసెయ్యమంటే తియ్యరంట అత్తా. నువ్వు ఊఁ అను, పది పేర్లతో పది మంచివి రాసి పడేస్తాను."

"తినకుండా తిట్టినోడికీ తినకుండా మెచ్చుకున్నోడికీ తేడా ఏంటే? అదేం వద్దు. నేను చెప్పింది రాయి."

రమ్యశ్రీ టైపు కొట్టింది: 'జానకిరామ్ బాబూ, మీరు కిటికీ పక్కన కూర్చున్నారు. చందువా పులుసు రెండుసార్లు వేయించుకున్నారు. మళ్లీ వచ్చి తినండి. ఈసారీ ఆకు అవతలికే మడుచుకుంటే మెస్సు నేనే మూసేస్తాను.' ఆఖరి వాక్యం దగ్గర పిల్ల చేతులు ఆగిపోయాయి.

"రాయవే," అంది పెద్దింట్లమ్మ.

నెలాఖరుకి డాక్టర్లని కలవడానికి ఊళ్లోకొచ్చిన జానకిరామ్, వస్తానని ముందే రాసిన రోజునే మధ్యాహ్నం తలొంచుకుని మెస్సులోకొచ్చాడు. అప్పటికే జగన్నాథరావు వచ్చి కూర్చున్నాడు. తన రోజు కాకపోయినా వెంకటరామరాజుగారూ వచ్చారు. పెద్దింట్లమ్మ బజార్లో ఇంకొకరి దగ్గర కొన్న చందువాతో అదే పులుసు పెట్టింది. జానకిరామ్ తిన్నాడు. మళ్లీ వేయించుకున్నాడు. లేచాడు.

ఆకు అవతలికి మడుచుకుంది.

జగన్నాథరావు తల తిప్పేసుకున్నాడు. ఇరవై ఏళ్ల పొయ్యి ఆ ఒక్క మడతతో ఆరిపోయిందనుకుంది పెద్దింట్లమ్మ. అయినా దగ్గరికెళ్లి చూసింది. ఆకులో మెతుకు మిగల్లేదు, ముళ్లు ఒక పక్కకి తీసిపెట్టి ఉన్నాయి. ఈసారి పల్లంరాజు చేప కూడా కాదు. మరి దేని మీద కోపం దీనికి? కోపమున్న మడతలాగా లేదది. అంచుకి అంచు కలిపి, పెద్దవాళ్లు మడిచినట్టు నెమ్మదిగా ఉంది. అలాంటి మడతలు తనింట్లోనే ఒక రోజు బంతి పొడుగునా చూసింది, తన భర్త పెద్దకర్మ నాడు.

"బాబూ," అంది మెల్లిగా, "మీ ఇంట్లో ఎవరు పోయారు?"

అతను బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "మా పెద్దమ్మండి, మండపేటలో. అమ్మ లేకపోతే ఆవిడే పెంచింది నన్ను."

"పెద్దకర్మకి వెళ్లలేదా?"

"సెలవివ్వలేదండి. నెలాఖరు, టార్గెట్ అన్నారు. ఆ రోజే ఇక్కడికొచ్చాను. అక్కడ ఈపాటికి బంతులు వేస్తుంటారు అనుకుంటూ తిన్నాను. నోట్లో ఏం పెట్టుకున్నానో నాకే తెలీలేదు." మడుచుకున్న ఆకు వంక చూస్తూ అన్నాడు, "రుచి లేదని రాసేశానండి."

ఇరవై ఏళ్లుగా ఆకు తన వంట గురించే మాట్లాడుతుందనుకుంది పెద్దింట్లమ్మ. పాపం దానికి వేరే పనులుండవా? కర్మ భోజనానికి వెళ్లలేకపోయిన మనిషి తరఫున అది మడుచుకుంది, ఆ రోజూ ఈ రోజూ.

"కూర్చోండి. ఆ కర్మ భోజనం అయిపోయింది. ఆవిడ మీకేం పెట్టేది?"

"ముద్దపప్పు, బెల్లం ఆవకాయండి."

కొత్త ఆకు వేసి, వేడన్నంలో నెయ్యి పోసి పెట్టింది. అతను ఏడుస్తూ తిన్నాడు, తింటూ ఏడ్చాడు. రాజుగారు ఆ పూట పులుసు గురించి ఒక్క మాటా అనలేదు. అతను లేచాక ఆకు కాసేపు ఆలోచించి, అతని వైపు మడుచుకుంది.

"నలభై ఒకటి పంపండమ్మా," అన్నాడు జగన్నాథరావు. "నాకూ కలిపి."

జానకిరామ్ సాయంత్రం బస్సుకి మండపేట వెళ్లాడు. మొదట రాసింది తియ్యడానికి వీల్లేకపోయింది గనక దాని కిందే ఇంకొకటి రాశాడు: 'తప్పు నాది, పులుసుది కాదు.' ఒక్క స్టారు మాత్రం అలాగే ఉండిపోయింది. పెద్దింట్లమ్మకి ఇప్పుడు దాని మీద కోపం లేదు. ఒక్క ఆకు చూసి, అడక్కుండా తీర్పు చెప్పినవాళ్లలో తను కూడా ఉందని ఆమెకి తెలిసొచ్చింది.

మర్నాడు పల్లంరాజుని పిలిపించి కూర్చోబెట్టి వడ్డించింది. రేపట్నుంచి చేప తెమ్మంది. అతను సరేనన్నాడు, తిన్నాడు, బాగుందన్నాడు, లేచాడు. ఆకు విప్పుకునే ఉంది.

"ఇంకొంచెం అన్నం పెట్టనా అన్నయ్యా?"

"చాలమ్మా, కడుపు నిండింది."

ఆకు కదల్లేదు. పెద్దింట్లమ్మ గరిటె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నీ చేప మంచిదని ఆ రోజే నాకు తెలుసు అన్నయ్యా. నా వంట మీదికి మాట రాకుండా నీ మీదికి తోసేశాను. తప్పు నాదే."

ఆకు పల్లంరాజు వైపు మడుచుకుంది. అతను దాని వంక చూసి, ఆమె వంక చూడకుండా, చెయ్యి కడుక్కోడానికి వెళ్లాడు.

"తెల్లారి చందువాలు తెస్తాను చెల్లెమ్మా," అన్నాడు చెంబు ఎత్తి నీళ్లు పోసుకుంటూ.