గేటు దాకా

నూకమ్మ ఎడమకాలిని మోకాలి దగ్గర మడిచి, చాచి, మళ్లీ మడిచాడు పోలరాజు. ఇరవైసార్లు. ఆసుపత్రిలో నేర్పిన కసరత్తు అది. తర్వాత చంకల కింద చేతులు వేసి ఆమెను లేపి కూర్చోబెట్టాడు. వీపు వెనక దిండు దోపి, తడిగుడ్డతో ముఖం, మెడ తుడిచాడు. నోటి ఎడమ మూల నుంచి రాత్రి కారిన చొల్లు ఎండి తెల్లగా చార కట్టింది. దాన్ని రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది. ఆమె అతని వైపు చూడలేదు. తలుపులోంచి తెల్లారుతున్న వాకిలినే చూస్తోంది.

ఆదివారం. అతనికి వారంలో ఉన్న ఒక్క సెలవు.

టాటానగర్‌లోని బారిడీహ్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు పొడుగ్గా, సన్నగా వాకిలి, దాని చివర తుప్పు పట్టిన ఇనుపగేటు. పోలరాజు తండ్రి టెక్కలి వైపు నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో చేరి ఇక్కడే రిటైరయ్యాడు. పోలరాజుకు ఆ పర్మినెంటు ఉద్యోగం దొరకలేదు. గోల్‌మురిలో ఒక చిన్న కాంట్రాక్టరు కింద రేకుల కట్టలకు గొలుసులు తగిలించి, క్రేను నడిపేవాడికి చెయ్యి ఊపడం అతని పని. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే. తోటివాళ్లంతా స్కూటర్లకు మారిపోయినా అతను సైకిలు మీదే వెళ్లి వస్తాడు. మనిషి పొట్టి. భుజాలు ముందుకు ఒంగిపోయాయి. చెంపలు లోపలికి పోయాయి. పిక్కలు మాత్రం యాభై మూడేళ్ల మనిషివి కావు, తాళ్లు పేని బిగించినట్టుంటాయి.

ఆ పిక్కలు ఊరవతలి దల్మా కొండ ఇచ్చినవి. పదహారేళ్ల కిందట బదిలీ మీద పోతున్న ఒక ఇంజనీరు లావు టైర్ల సైకిలు ఒకటి అమ్మేస్తుంటే తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో అప్పుడు అతనికే తెలియదు. మొదటి ఆదివారం సగం కొండ తోసుకుంటూనే ఎక్కాడు. మూడోనెలకు కాలు కింద పెట్టకుండా ఎక్కాడు. ఒకే ఒక్కసారి పందెంలో దిగాడు. తొంభై కిలోమీటర్ల రాళ్లదారి, పదిగంటల గడువు. గడువుకు పది నిమిషాల ముందు చేరేసరికి నిర్వాహకులు బ్యానరు విప్పేస్తున్నారు. ముగింపు గీతకు అవతల నూకమ్మ ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో పులిహోర డబ్బా, నెత్తిన చెంగు.

"ఆఖరోడివేటి?" అంది.

"ఎనకాల ఇంకా ముగ్గురున్నారు," అన్నాడు రొప్పుతూ.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చాక ఆ ముఖం సగమే కదులుతోంది. నవ్వడం ఎప్పుడు మానేసిందో అతను గమనించలేదు. మాటలు తగ్గాయి. ఈ మధ్య నాలుగు నెలలుగా ఆదివారం వస్తే చాలు, అతను ఇంట్లో ఉండటమే ఆమెకు గిట్టనట్టుంది.

ఇవాళా అంతే. గంజి తాగించి, మందులు మింగించి, బకెట్టు శుభ్రం చేసి వచ్చాడు. ఈ పూట వెళ్లకుండా ఉండిపోదామని గోడకు చేరబడ్డాడు.

"యెల్లవా?" అంది నూకమ్మ. మాట ముద్దగా వచ్చింది.

"ఈ వారం మానేత్తాను. కూకుంటాను నీ కాడ."

"ఏటి కూకుంతావు." కుడిచేత్తో దుప్పటి విసురుగా లాక్కుంది. "యెల్లు. యెల్లు."

పొమ్మని కుక్కను అదిలించినట్టు అనిపించింది అతనికి. లేచి హెల్మెట్ అందుకున్నాడు. పక్కింటి వరహాలమ్మ ఎప్పటిలాగే చాట, బియ్యం పట్టుకుని లోపలికి వచ్చి మంచం పక్కన చతికిలబడింది.

"అప్పా, తొమ్మిదికల్లా వచ్చేత్తాను," అన్నాడు ఆమెతో.

"యెల్లిరా, తమ్ముడా. నేనుంతాను కదా."

మాంగో వంతెన దాటేసరికి సువర్ణరేఖ నది మీద మంచు ఇంకా విడలేదు. హైవే మీద లారీల పక్కన కొంతదూరం తొక్కి, అడవి మొదలయ్యే చోట మట్టిదారి పట్టాడు. ఎర్రమట్టి, సాల్ చెట్ల ఆకులు, మధ్యలో రాత్రి ఏనుగులు వేసిన లద్దె. గేరు తగ్గించి ముందుకు ఒంగాడు. ఇక్కడ అతన్ని ఎవరూ ఏమీ అడగరు. ఊపిరి, చక్రం కింద రాయి, తర్వాత ఇంకో రాయి.

నిటారుగా ఉండే మూడో మలుపు దగ్గర తొడలు మండాయి. 'ఇంక అయిపోతే బాగుణ్ణు' అనుకున్నాడు. కొండ ఎక్కడం గురించే అనుకున్నాడు. కానీ పది గజాలు తొక్కాక, తాను అనుకున్నది ఎక్కడం గురించి కాదని అర్థమైంది. ఆ చొల్లు చార, ఆ బకెట్టు, ఆ అటు తిరిగిన ముఖం. అయిపోతే బాగుణ్ణు. ఆ మాటను వదిలించుకోవడానికన్నట్టు ఇంకా బలంగా తొక్కాడు.

సగం కొండ దగ్గర సురేష్ కలిశాడు. టాటానగర్ రైల్వే కాలనీ కుర్రాడు, ముప్పై ఏళ్లుంటాయి, ఆదివారాల్లో ఈ దారినే తొక్కుతుంటాడు. టైము ఎనిమిది దాటింది. ఈ రెండేళ్లుగా పోలరాజు ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతాడు.

"చలియే అన్నా, పై దాకా. ఎన్నాళ్లైంది మీరొచ్చి," అన్నాడు సురేష్.

ఇంట్లో ఆమె దుప్పటి లాక్కున్న తీరు గుర్తొచ్చింది. ఆలస్యమైతే ఎవరికి నష్టం? తానెప్పుడొచ్చినా ఆమెకు ఒకటే.

"పద," అన్నాడు.

పైకి చేరేసరికి తొమ్మిదింబావు. దూరాన ఊరు, పొగ గొట్టాలు, నదీ ఎండలో మసగ్గా ఉన్నాయి. రెండేళ్ల తర్వాత చూస్తున్నాడు. గుండె తేలికపడింది. సురేష్ ఇచ్చిన అరటిపండు తిన్నాడు. పావుగంట ఎక్కువే కూర్చున్నాడు.

దిగుతుంటే సిగ్నలు అందిన చోట జేబులో ఫోను ఆగకుండా మోగింది. కూతురు సింధు. ఊళ్లోనే, సోనారిలో అత్తారింట్లో ఉంటుంది.

"పాపా, ఘర్ ఆయియే," అని ఇంటికి రమ్మంది. గొంతు వేరేగా ఉంది. "అమ్మ..." తర్వాత హిందీ కూడా రాలేదు దానికి.

ఆ రాళ్లదారిని అంత వేగంగా అతను ఎన్నడూ దిగలేదు. బ్రేకు పట్టుకోలేదు. పడాలనే ఉంది, పడలేదు.

ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటింది. వాకిట్లో జనం. సింధు గుమ్మంలో కూర్చుని ఉంది. నూకమ్మను చాప మీద పడుకోబెట్టారు. ముఖంలో రెండు సగాలూ ఇప్పుడు ఒక్కలాగే ఉన్నాయి. అతను హెల్మెట్ తీయడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"మంచం మీదే పోనాదా?" అని అడిగాడు చివరికి.

వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది. చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"నీతో సెప్పొద్దని ఒట్టేయించుకుంది, తమ్ముడా. నాలుగు నెల్ల నుంచీ. ఆదోరం నువ్వెల్లగానే లెగిసేది. ముందు మంచం దిగింది. తరవాత గోడ పట్టుకుని గుమ్మం. తరవాత వాకిలి, వారానికి రెండడుగులు. నేను పట్టుకుంతానంటే ఇదిలించేసేది."

పోలరాజు ఆమె పెదాలనే చూస్తున్నాడు.

"ఈ మనిసి కొండ దిగొచ్చేతలికి గేటు తీసి నిలబడతానప్పా, అప్పుడు ఈ మనిసి మొకం సూడాలి, అనేది. ఇయ్యాల వచ్చేసింది గేటు దాకా. ఒక్కతే నడిసింది. తొమ్మిదవలేదింకా. నువ్వు వత్తావని కమ్మీ పట్టుకుని నిలబడిపోనాది. కూకోయే అన్నాను. ఇన్నేదు. అరగంట నిలబడింది. నీలు తెత్తానని లోపలికెల్లొచ్చేతలికి..."

వరహాలమ్మ గేటు కింద నేలను చేత్తో చూపించింది. సింధు ఏడుస్తూ "పాపా, ఆప్ కహాఁ థే? ఎక్కడున్నావు?" అంది. కొండ మీద అరటిపండు తిన్న తీపి ఇంకా నాలుక మీద ఉంది.

మధ్యాహ్నానికి చుట్టాలు వచ్చారు. సాయంత్రం నది ఒడ్డుకు తీసుకెళ్లారు. అతను పాడె ముందు నడిచాడు. అలవాటు లేని నడక, మాటిమాటికీ తడబడ్డాడు. తిరిగొచ్చాక ఎవరో చేతికి టీగ్లాసు ఇచ్చారు. అది చల్లారేదాకా పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. గుమ్మం నుంచి గేటుకు ఎంత దూరమో చూశాడు. తాను రోజూ పది అంగల్లో దాటేసే దూరం కాదది. మధ్యలో పగిలిన గచ్చు, ఒక చిన్న మెట్టు, కాలువ మీద పరిచిన బండ. ఒక్కోటి దాటడానికి ఎన్ని ఆదివారాలు పట్టిందో.

గేటు తెరిచే ఉంది. దాని మూల, పొద్దున్న జనం కాళ్ల కింద నలిగి పక్కకు జరిగిపోయిన నూకమ్మ ఎడమకాలి చెప్పు పడి ఉంది. పట్టులేని కాలి నుంచి జారిపోకుండా, అతను పారేసిన పాత ట్యూబులోంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీ దానికి కట్టి ఉంది. ఒంటిచేత్తో, పళ్లతో బిగించిన ముడి అది, ఇంకా ఊడలేదు.